తాళం తప్పని కంప్యూటరు

విజయనగరంలో సంగీత కళాశాల ఉన్నదని మీరు వినే ఉంటారు. అది 1919లో ఏర్పడింది. దానికి మొట్టమొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథకు పెట్టింది పేరైన ఆ మహానుభావుడికి ఇంకొక అద్భుతమైన విద్య కూడా ఉండేది. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్ళతో మరి రెండు, తలతో ఇంకొకటి వేసేవారట. ఇలా ఒకేసారి అయిదు తాళాలు వేస్తూ, ఒక్కటీ తప్పకుండా అన్నిటినీ ఒకచోటికి తెచ్చి కలిపేవారట. దీనినే పంచముఖి అంటారు.

ఈ కబురు ఇప్పుడెందుకు అంటారా? మీ బడిలోనో, ఇంట్లోనో బల్లమీద ఉన్న పాత కంప్యూటరు కూడా లోపల ఇంచుమించు ఇలాంటి పనే చేస్తున్నది. దానిలోనూ ఒక తాళం ఉన్నది. ఆ తాళాన్ని అనుసరించి ఒక్కొక్క భాగం ఒక్కొక్క వేగంతో నడుస్తుంది. ఎవరైనా ఆ తాళాన్ని తొందర పెడితే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం.

కంప్యూటరులో లెక్కలు చేసేది ప్రాసెసర్. ఆ లెక్కలకు కావలసిన అంకెలను ఎప్పటికప్పుడు అందించేది మెమరీ. రెండూ మదర్‌బోర్డు అనే పలకమీద అమర్చి ఉంటాయి. ఆ పలకమీదే ఒక చిన్న స్ఫటికం ఉన్నది. విద్యుత్తు తగలగానే అది క్రమం తప్పకుండా కంపిస్తుంది. ఆ కంపనాన్ని ఆధారం చేసుకుని ఒక చిప్పు పలక అంతటికీ తాళం వేస్తుంది.

2007లో ఇంటెల్ కంపెనీ పెంటియం ఈ2180 అనే ప్రాసెసర్‌ను విడుదల చేసింది. దాని పలకమీద తాళం సెకనుకు 20 కోట్ల దెబ్బలు. పది లక్షల దెబ్బలను ఒక మెగాహెర్ట్జ్ అంటారు. కనక ఇది 200 మెగాహెర్ట్జ్ అన్నమాట.

సంగీతం నేర్చుకునే పిల్లలకు తెలుసు. మొదటి కాలంలో తాళపు దెబ్బకు ఒక స్వరం పాడితే, రెండవ కాలంలో రెండు, మూడవ కాలంలో నాలుగు పాడాలి. ఈ ప్రాసెసర్ ఒక్కొక్క దెబ్బకు పది స్వరాలు పాడుతుంది! ఈ పదిని గుణకం అంటారు. 200ను 10తో హెచ్చిస్తే 2,000 మెగాహెర్ట్జ్. అంటే సెకనుకు 200 కోట్ల అడుగులు. అది ఒక్క అడుగు వేసేలోపల వెలుతురు కూడా 15 సెంటీమీటర్లకు మించి పోలేదు. మీ స్కేలులో సగం!

దీనిని ఇంకా పరుగెత్తించాలంటే ఉపాయాలు రెండే. గుణకం పెంచాలి, లేదా తాళం పెంచాలి. ఇలాంటి ప్రాసెసర్లలో గుణకాన్ని పదికి మించి పెంచటానికి వీలు లేకుండా కంపెనీవారు బిగించారు. ఇక మిగిలింది తాళం. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు కనిపించే బయాస్ అనే పట్టికలోకి వెళ్ళి 200 అన్న అంకెను 266గా మార్చారనుకోండి. 266 పదులు 2,660 మెగాహెర్ట్జ్. కంపెనీ చెప్పిన హద్దు దాటించి ఇలా నడపడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు.

అసలు హద్దు దాటి నడిచే శక్తి దానికి ఎక్కడిది? ఫ్యాక్టరీలో ప్రాసెసర్లన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా తయారు కావు. కొన్ని గట్టివి, కొన్ని సామాన్యమైనవి. ఎండలోనూ, దుమ్ములోనూ కూడా తప్పు చేయకుండా నడవాలి గనక, కంపెనీవారు కొంత వేగాన్ని చేతిలో ఉంచుకుని తక్కువ అంకె ముద్రిస్తారు. ఆ మిగులే ఓవర్‌క్లాకింగ్ చేసేవారి పెట్టుబడి.

1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ ఇందుకు ప్రసిద్ధికెక్కింది. దాని తాళం 66, గుణకం నాలుగున్నర, వేగం 300 మెగాహెర్ట్జ్. తాళాన్ని 100కు మార్చగానే చాలా చిప్పులు 450 మెగాహెర్ట్జ్ వేగంతో నిక్షేపంగా నడిచాయి! కాని తాళంతోపాటు మెమరీ కూడా 100కు అందుకోవాలి. 66కు తయారైన పాత మెమరీ పలకలు ఉన్నవారిలో ఎందరికో నిరాశే మిగిలింది.

ఇక్కడే ఉన్నది అసలు సంగతి. గాయకుడు ఒక్కడూ తొందరపడితే కచేరీ నడవదు. తాళం పెంచితే మృదంగమూ, వయొలినూ కూడా పరుగెత్తవలసిందే. మన కంప్యూటరులో ఆ మృదంగం మెమరీ.

మన ఈ2180 ఉన్న పలకమీద డీడీఆర్2 రకం మెమరీ ఉంటుంది. దానిమీద 667 అని రాసి ఉన్నదనుకోండి. ఆ రకం మెమరీ ఒక్కొక్క దెబ్బకు రెండుసార్లు అంకెలు అందిస్తుంది. కనక దాని అసలు తాళం 667లో సగం, అంటే 333. పలక తాళం 200, మెమరీ తాళం 333. పలక మూడు దెబ్బలు వేసేసరికి మెమరీ అయిదు వేస్తుంది. దీనిని 3:5 నిష్పత్తి అంటారు. నారాయణదాసుగారి ఒక చెయ్యి మూడు, ఇంకొక చెయ్యి అయిదు వేసి ఒకచోట కలుసుకున్నట్టే కదూ?

ఇప్పుడు ఒక అన్నయ్య పలక తాళాన్ని 266 చేసి, నిష్పత్తి సంగతి మరిచిపోయాడనుకోండి. 266ను అయిదుతో హెచ్చించి మూడుతో భాగిస్తే 443. పాపం, 333కు తయారైన మెమరీ 443 దెబ్బలు వేయాలి! కంప్యూటరు తెల్లమొహం వేస్తుంది. తెర వెలగదు. కీచుమని కూస్తుంది. "ప్రాసెసర్ కాలిపోయింది!" అని ఇల్లంతా గొల్లుమంటుంది. నిజానికి ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు, తాళం తప్పినది మెమరీ. నిష్పత్తిని 4:5కు మారిస్తే ఏమవుతుందో లెక్క వేయండి. 266ను అయిదుతో హెచ్చించి నాలుగుతో భాగిస్తే దాదాపు 333. మెమరీ మళ్ళీ తన పాత వేగానికి వచ్చింది. ప్రాసెసర్ మాత్రం 2,660 మీదనే ఉన్నది. ఇద్దరికీ సుఖమే.

తెర వెలగకపోతే అది చిన్న కష్టమే. కరెంటు తీసివేసి, పలకమీది బిళ్ళ బ్యాటరీని కాసేపు ఊడదీసి పెడితే పాత అంకెలు తిరిగి వస్తాయి. పెద్ద కష్టం వేరే ఉన్నది. వేగం కొద్దిగా మాత్రమే హద్దు మీరితే కంప్యూటరు మొదలవుతుంది, పాట పాడుతుంది, ఆట ఆడిస్తుంది. కాని ఎప్పుడో ఒక్కసారి, చడీచప్పుడు లేకుండా ఒక తప్పు చేస్తుంది. కంప్యూటరులో అంకెలన్నీ సున్నాలూ, ఒకట్లే. 1000 అన్న సంఖ్యలో 512 స్థానంలో ఉన్న ఒకటి సున్నాగా మారితే అది 488 అయిపోతుంది! అమ్మ రాసుకున్న కొట్టు లెక్కలో అలా జరిగితే? ఆ తప్పు లెక్కే డిస్కులోకి ఎక్కి కూర్చుంటుంది. దానిని ఎవరూ కనిపెట్టలేరు. చిన్నప్పటి ఫొటోలు చెడిపోతే ఎంత వేగమున్నా తిరిగి రావు.

ఇక వేడి సంగతి. దెబ్బలు ఎన్ని పెరిగితే వేడి అంత పెరుగుతుంది. వేగం తట్టుకోవడానికి కొందరు వోల్టేజీ కూడా పెంచుతారు. వోల్టేజీ పెరిగితే వేడి దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం మూడోవంతు, వోల్టేజీ పదోవంతు పెంచారనుకోండి. వేడి 1.33 ను 1.21 తో హెచ్చించినంత, అంటే ఇంచుమించు 1.6 రెట్లు అవుతుంది. ప్రాసెసర్ మీది ఫ్యాను గదిలోని గాలినే విసురుతుంది. గది కంటె చల్లగా ప్రాసెసర్‌ను ఉంచటం దానివల్ల కాదు. అందువల్ల పుష్యమాసపు ఉదయాన విజయనగరంలో చక్కగా నడిచిన అంకెలు, రోహిణీ కార్తె మధ్యాహ్నం శ్రీకాకుళంలో మొరాయించవచ్చు. పరీక్ష చేస్తే ఎండ వేళనే చేయాలి.

మరి దీనిని సరిగా చేసేవారు ఎలా చేస్తారు? ముందు ఇంట్లోవారిని అడిగి, కావలసిన ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి ఎక్కిస్తారు. కరెంటు తీసి, ఫ్యాను దుమ్ము దులుపుతారు. బయాస్‌లో ఉన్న పాత అంకెలను కాగితం మీద రాసుకుంటారు. మెమరీ నిష్పత్తిని తగ్గించి ఉంచుతారు. డిస్కుకూ, ఇతర కార్డులకూ వెళ్ళే తాళం పలక తాళంతోపాటు పరుగెత్తకుండా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అన్నచోట 100 దగ్గర బిగిస్తారు. ఆ తరువాత 200 నుంచి 210, 220 అని కొంచెం కొంచెంగా ఎక్కుతారు. ప్రతి మెట్టు దగ్గరా మెమ్‌టెస్ట్86+ వంటి పరీక్షను గంటల తరబడి నడుపుతారు. ఒక్క తప్పు వచ్చినా ఒక మెట్టు కిందికి దిగుతారు. "ఒక్కటే కదా" అని వదిలిపెట్టరు. అదే వారి గొప్పతనం.

ఇంత చేస్తే లాభమెంత? పూర్తిగా ప్రాసెసర్ మీదనే ఆధారపడిన పని 2,000 వేగంతో 40 నిముషాలు పడితే, 2,660 వేగంతో 30 నిముషాలలో అవుతుంది. కాని ఇంటర్నెట్ నిదానంగా ఉంటే అది వేగం కాదు. పాత తిరుగుడు డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేసినా, ఇంకొక మెమరీ పలక తగిలించినా, చాలా పాత కంప్యూటర్లకు అంతకంటె ఎక్కువ మేలు జరుగుతుంది. కంపెనీలు ఒకటిగా బిగించి అమ్మిన చాలా కంప్యూటర్లలో ఈ అంకెలు మార్చే వీలే ఉండదు. కొత్త ప్రాసెసర్లు ఎక్కువ వేగం అవసరమైనప్పుడు, వేడి చూసుకుని, తమంతట తామే కొంత పెరుగుతాయి. ఇంటెల్ ఈ పద్ధతిని 2008లో మొదలుపెట్టింది.

అయినా ఈ విద్య నేర్పే పాఠం ఒకటి ఉన్నది. ఎంత వేగంగా నడిచినదీ కాదు, ఎంత వేగం వరకు తప్పు లేకుండా, అందరితో కలిసి నడిచినదీ లెక్క. పంచముఖి చూసినవారు మెచ్చుకున్నది తొందరను కాదు, అయిదు తాళాలూ ఒకచోట కలిసిన ఆ క్షణాన్ని.

ఇప్పుడు మీకొక లెక్క. ఒక ప్రాసెసర్ గుణకం 9. పలక తాళాన్ని 200 నుంచి 250కి పెంచారు. మెమరీ మీద 667 అని రాసి ఉన్నది. బయాస్‌లో 3:5, 3:4, 4:5 అనే మూడు నిష్పత్తులు ఉన్నాయి. మెమరీ హద్దు మీరకుండా, వెనకబడకుండా ఉండాలంటే దేనిని ఎన్నుకోవాలి? ప్రాసెసర్ వేగం ఎంత అవుతుంది?

(జవాబు: 3:4. మెమరీ 333 మీద నడుస్తుంది. 3:5 పెడితే 417 అయి హద్దు మీరుతుంది. 4:5 పెడితే 312 దగ్గర వెనకబడుతుంది. ప్రాసెసర్ వేగం 2,250 మెగాహెర్ట్జ్.)