గృహహింస కేసు పెడితే ఆటగాడి ఉద్యోగం పోతుందా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆట అంటే పతకం ఒక్కటే కాదు, కొలువు కూడా. సిక్కోలు ఆడబిడ్డ కరణం మల్లీశ్వరికి ఎఫ్‌సీఐలో ఉద్యోగం వచ్చింది ఆటతోనే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో బరువులెత్తే పిల్లల కల కూడా స్పోర్ట్స్ కోటాలో ఒక సర్కారీ నౌకరీ. అలాంటి ఇంట్లో కోడలు దెబ్బలు తింటే పెద్దలు ముందు అనే మాట: "కేసు పెడితే వాడి ఉద్యోగం పోద్ది, రేపు పిల్లలేం తింటారు?" ఈ భయంలో నిజమెంత?

షమీ విషయంలో ఏమైంది?

2018 మార్చిలో క్రికెటర్ మహమ్మద్ షమీపై ఆయన భార్య గృహహింస ఆరోపణలు చేశారు. షమీ వాటిని ఖండించారు. బీసీసీఐ ఆయన కాంట్రాక్టును ఆపింది. కానీ బోర్డు విచారణ జరిపించింది ఫిక్సింగ్ డబ్బు ఆరోపణపైనే, ఇంట్లో కొట్టారా లేదా అన్నదానిపై కాదు. డబ్బు విషయంలో తప్పు లేదని తేలగానే అదే నెలలో రూ.3 కోట్ల బి గ్రేడ్ కాంట్రాక్టు ఇచ్చేశారు.

2019 మార్చిలో కోల్‌కతా పోలీసులు చార్జిషీటు వేశారు. సెప్టెంబరులో అలీపూర్ కోర్టు అరెస్టు వారెంటు ఇచ్చింది, దానిపై స్టే వచ్చింది. మరుసటి నెల విశాఖ టెస్టులో షమీ 5 వికెట్లు తీశారు. ఆట ఆగలేదు. భార్య కోర్టు పోరాటమూ ఆగలేదు. 2025 జులై 1న కలకత్తా హైకోర్టు భార్యకు నెలకు లక్షన్నర, కూతురికి రెండున్నర లక్షలు మధ్యంతర భృతిగా ఇవ్వాలని ఆదేశించింది. సంపాదన ఉంది కాబట్టే అంత భృతి సాధ్యమైంది.

సర్కారీ నౌకరీ అయితే?

కేసు పెట్టగానే ఉద్యోగం పోదు. 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. అప్పుడు కూడా జీవనభృతి వస్తుంది. కోర్టులో నేరం రుజువై శిక్ష పడితే డిస్మిస్ చేసే అధికారం శాఖకు ఉంటుంది. 498ఏ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ అమల్లో ఉంది. గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఇలాంటి కేసుల్లో ఆలోచించకుండా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

చాలామందికి తెలియని దారి ఇంకొకటుంది. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్‌కు పెట్టే అర్జీ ఎఫ్ఐఆర్ కాదు. రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు అడగొచ్చు. భర్త ఇవ్వకపోతే, జీతంలో కొంత భాగం నేరుగా ఆమెకే కట్టమని మేజిస్ట్రేట్ అతని ఆఫీసును ఆదేశించవచ్చు. అయితే రక్షణ ఉత్తర్వును మీరితే మాత్రం ఏడాది దాకా జైలు.

ఈ చట్టం అన్ని మతాల మహిళలకూ ఒకటే. తలాక్ అయిన ముస్లిం మహిళ కూడా సాధారణ చట్టం కింద భృతి అడగొచ్చని 2024 జులై 10న తెలంగాణ కేసులోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మరి ఉద్యోగం తీసేయాలా?

అమెరికాలో 2014లో ఫుట్‌బాల్ ఆటగాడు రే రైస్‌కు ముందు రెండు మ్యాచ్‌ల నిషేధమే వేశారు. కొట్టిన వీడియో బయటపడ్డాకే జట్టు తొలగించింది. అంటే పరువు పోతేనే కదిలింది. తర్వాతి ఏడాది అక్కడి బేస్‌బాల్ లీగ్, ఆటగాళ్ల సంఘంతో కలిసి ఒక విధానం రాసుకుంది. కోర్టు తీర్పు కోసం ఆగకుండా తానే విచారించి శిక్ష వేస్తుంది.

మనకు కావాల్సిందీ అలాంటి రాసిపెట్టిన నియమమే. ఆరోపణ రాగానే కొలువు తీసేస్తే అన్యాయం, పైగా భార్యాపిల్లల ముద్దా పోతుంది. పతకం చూసి కళ్లు మూసుకుంటే అంతకన్నా అన్యాయం. కొట్టారా లేదా అని ముందు విచారించాలి, ఆ లోపు జీతంలో ఆమె వాటా ఆమెకు చేరాలి, నేరం రుజువైతే ఎంత పెద్ద ఆటగాడైనా కొలువు వదులుకోవాలి.

పెద్దల రాజీ మాటలు విన్నా, వినకపోయినా ఆమె హక్కు ఆమెదే. సాయం కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181, ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయొచ్చు. జిల్లా కేంద్రాల్లోని సఖి వన్ స్టాప్ సెంటర్లకు నేరుగా వెళ్లినా చాలు.