పొడవు దాని సొగసు... పరిమళం దాని పేరు!

పక్కింట్లో పులావు వండుతుంటే ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. మూత తీయగానే ఘుమఘుమలు గోడ దూకి వచ్చేస్తాయి. అదే బాస్మతి బియ్యం మనమూ కొనుక్కొచ్చి వండితే... ఒక్కోసారి ముద్దయి కూర్చుంటుంది. తప్పు బియ్యానిదా, వండిన తీరుదా? చాలాసార్లు రెండోదే!

చల్లదనమే సుగంధం

'బాస్'కీ మన 'వాసన'కీ చుట్టరికం ఉంది. కమ్మని వాసన గలది కాబట్టే బాస్మతి. ఆ వాసనకు ముఖ్య కారణం 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థం. వేడివేడి పాప్‌కార్న్ కమ్మదనంలోనూ దీనికి వాటా ఉంది. గింజ పాలు పోసుకుని గట్టిపడే రోజుల్లో వాతావరణం చల్లగా ఉంటేనే ఈ పరిమళం బాగా పడుతుంది. అందుకే హిమాలయాల దిగువన పంజాబ్, హర్యానా, ఉత్తరాఖండ్ లాంటి చోట్లా, సరిహద్దు అవతల పాకిస్థాన్‌లోని పంజాబ్‌లోనూ ఈ పంటకు అంత పేరు.

పేరు కోసం పోరు

ఆ పేరు మీదే ఒకప్పుడు పెద్ద గొడవైంది. 1997లో అమెరికాకు చెందిన రైస్‌టెక్ సంస్థ బాస్మతి వరి రకాలు, గింజల మీద పేటెంటు తీసుకుంది. మన దేశం సవాలు చేయడంతో అందులో చాలా హక్కులు వదులుకోక తప్పలేదు. 2016లో మన బాస్మతికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కృత్రిమ పరిమళం, రంగు కలిపి బాస్మతిగా అమ్మకూడదన్న ప్రమాణాలు 2023 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

కిటుకు ఇదీ...

ఉడికితే లావెక్కకుండా పొడవుగా సాగడం బాస్మతి ప్రత్యేకత. 2003లో విడుదలైన పూసా 1121 రకమైతే, దాదాపు 8 మిల్లీమీటర్ల గింజ ఉడికాక రెండు సెంటీమీటర్లదాకా సాగుతుంది! ఆ సొగసు చెడకూడదంటే...

* కొత్త బియ్యం కన్నా ఏడాది, రెండేళ్లు నిల్వ ఉన్నవే మేలు. పొడిపొడిగా ఉడుకుతాయి.

* గట్టిగా పిసికి కడిగితే గింజ విరుగుతుంది. వేళ్లతో సుతారంగా కడగాలి.

* అరగంట నానబెట్టాలి. నీళ్లు పీల్చుకున్న గింజ విరగకుండా సాగుతుంది.

* బగారా అన్నానికి నానిన బియ్యమైతే కప్పుకి ఒకటిన్నర కప్పుల నీళ్లు చాలు.

* దించిన వెంటనే గరిటె పెట్టొద్దు. పది నిమిషాలు మూత అలాగే ఉంచి, తర్వాత అంచుల నుంచి మెల్లగా కలపాలి.

హైదరాబాదీ కచ్చీ బిర్యానీ గుట్టూ ఇక్కడే ఉంది. మసాలాలో నానిన పచ్చి మాంసం మీద, సగం ఉడకగానే వార్చిన బాస్మతిని పరుస్తారు. గిన్నె అంచుకి పిండి ముద్ద అంటించి దమ్ చేస్తారు. మిగతా సగం ఆవిరికే ఉడుకుతుంది. ముందే పూర్తిగా ఉడికించారో... దమ్ పూర్తయ్యేసరికి మిగిలేది ముద్దే!

పప్పూ ఆవకాయా కలుపుకోవడానికి మన సన్నబియ్యమే హాయి. పులావు, బిర్యానీల రోజు మాత్రం బాస్మతికి అరగంట ముందుగా పిలుపు పంపండి. అప్పుడు పక్కింటివాళ్లే గోడ మీంచి పలకరిస్తారు!