బార్కస్ అరబ్బులు

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునుండి దక్షిణముగా పోయినచో చాంద్రాయణగుట్ట చెంత బార్కస్ అను పేట కలదు. ఆ పేరు విన్నవారు అది ఏ అరబ్బీ పదమో యని తలంతురు. నిజమునకు అది ఇంగ్లీషు మాట. సిపాయిలు నివసించు వరుసయిండ్లను ఇంగ్లీషువారు బారక్సు అందురు. ఆ మాటయే జనుల నోట నలిగి బార్కస్ అయినది. నిజాము సైనికులు పూర్వమచ్చట వసించుచుండిరి.

ఈ పేటవారిలో పెక్కుమంది పూర్వులు యెమెన్ దేశములోని హద్రమౌత్ సీమవారు. అది అరేబియా దక్షిణతీరమున నున్న మెట్టనేల. వానలు అరుదు. కొండల నడుమ లోయలలో మాత్రము ఖర్జూరములును కొలదిపాటి పైరులును పండును. పుట్టిన నేల పొట్ట నింపకపోవుటచే అచ్చటి యువకులు తరతరములుగా ఓడలెక్కి పరదేశములకు పోవుచుండిరి. నేటి ఇండోనీషియా ద్వీపములకు పోయినవారు వర్తకులుగను, మతబోధకులుగను స్థిరపడిరి. హైదరాబాదునకు వచ్చినవారి త్రోవ వేరు. వీరు భుజమున తుపాకియు, మొలలో జంబియా యను వంకరబాకును ధరించి నిజాము కొలువులో సిపాయిలైరి.

కావలి కాయుటలో వీరికి గొప్ప పేరుండెను. ప్రభువులు తమ దేవిడీలకు వీరినే కాపుంచుకొనిరి. కాని ఆ పేరుతోపాటు భయమును ఉండెను. అరబ్బు జమేదారులు జాగీర్దారులకు అప్పులిచ్చి, బాకీ తీరువరకు వారి భూములను చేజిక్కించుకొనుచుండిరి. బాకీదారులను తమ యిండ్లలో నిర్బంధించుటయు కలదు. 1853లో దివానైన సాలార్జంగు ఈ పెత్తనము నణచుటకు మిక్కిలి శ్రమపడవలసి వచ్చెను.

ఇచ్చట ఆర్జించిన ధనములో కొంత సముద్రము దాటి హద్రమౌత్ చేరెను. హైదరాబాదులో జమేదారుగా నుండిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ కుమారులు ఆ సొమ్ముతో అచ్చటి పట్టణములను, రేవులను గెలిచి ఒక రాజ్యమునే స్థాపించిరి. ముకల్లా రేవు రాజధానిగా అది 1967 వరకు నిలిచినది. నిజాము ఇచ్చిన ‘జంగ్’ బిరుదములు గలవారు అరేబియాలో రాజ్యమేలుట వింతయే కదా!

1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. పిమ్మట అరబ్బు దళములు రద్దయ్యెను. అరబ్బులలో అనేకులు నిర్బంధింపబడిరి; కొందరు ఓడలెక్కింపబడి అరేబియాకు పంపబడిరి. వీరిలో పలువురు ఇచ్చటనే పుట్టినవారు, ఈ నేల తల్లులకు బిడ్డలు. తాతలు చెప్పిన కథలలో తప్ప హద్రమౌత్‌ను వారెరుగరు. అట్టివారికి స్వదేశమేది? మిగిలినవారు కత్తి విడిచి క్రొత్త బ్రతుకు వెదకుకొనిరి. కొలువు పోయిన యింట పూట గడచుట సులభము కాలేదు. తరువాతి కాలమున అనేకులు జీతములకై గల్ఫు దేశములకు పోయిరి. తాతలు అరేబియా విడిచి వచ్చిన కారణమే మనుమలను అరేబియాకు నడిపించినది.

నేడు వారి యింటి భాష ఉర్దూ. అరబ్బీ కొన్ని మాటలలోను, ప్రార్థనలలోను మిగిలినది. పురుషులు గళ్ల లుంగీ విడువలేదు. పేర్లలో ‘బిన్’ అనియు, ‘బా’ అనియు వంశచిహ్నములు వినవచ్చును. గోధుమలను మాంసముతో చిరకాలము ఉడికించి మెత్తగా మెదిపిన హరీస్ ఇప్పటికిని బార్కస్‌లో అమ్ముదురు. దానికి మసాలాలు చేరి రూపొందిన హైదరాబాదు హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించెను. అరబ్బులును, ఆఫ్రికానుండి వచ్చిన సిద్దీలును తెచ్చిన మర్ఫా వాద్యము వారి పెండ్లిండ్లలో మ్రోగును. తెలుగువారి ఊరేగింపులలో పిల్లలు, పెద్దలు గంతులువేయు తీన్మార్ దరువు దానికి దగ్గరి చుట్టము.