క్రేన్ వెళ్లిపోయిన రేవు

2002 సెప్టెంబరు 25. స్వీడన్ దక్షిణపు కొసన ఉన్న మాల్మో నగరం నుంచి ఒక క్రేన్‌ని ఓడెక్కించి పంపేశారు. మామూలు క్రేన్ కాదది. ఎత్తు 138 మీటర్లు. మన నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు, అంతకన్నా ఎక్కువన్నమాట. ఒక్కసారికి 1,500 టన్నుల బరువు లేపేది. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఊరికి అదే గుర్తు. దాన్ని కొన్నది దక్షిణ కొరియాకి చెందిన హ్యుందాయ్ నౌకా నిర్మాణ సంస్థ. ఇచ్చిన ధర ఒక్క డాలరు! విప్పుకోవడం, మోసుకెళ్లడం, మళ్లీ నిలబెట్టుకోవడం అన్నీ కొన్నవాళ్లే చూసుకోవాలి. అక్కడి ఉల్సాన్ రేవులో అది మళ్లీ లేచి నిలబడ్డాక కొరియా జనం దానికి 'మాల్మో కన్నీళ్లు' అని పేరు పెట్టుకున్నారు.

క్రేన్ పోయిన ఆ రేవు ఇప్పుడు ఒక పేట. పేరు వెస్ట్రా హామ్నెన్, అంటే పడమటి రేవు. ఇళ్లు, బడులు, ఆఫీసులు, ఒక విశ్వవిద్యాలయం, పిల్లలు ఈతకొట్టే గట్లు. పాత రేవుల్ని బాగుచేయాలనుకునే నగరాల నుంచి ఇంజనీర్లూ మేయర్లూ వచ్చి చూసిపోతుంటారు. కానీ వాళ్లు ఫొటోలు తీసుకునే భవనాల కంటే ముందు, ఇక్కడ ఏం పోయిందో తెలియాలి. విశాఖలో షిప్‌యార్డున్న సింధియా వైపు పెరిగినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఓడలు కట్టే ఊళ్లో షిప్‌యార్డంటే ఉద్యోగమిచ్చే కంపెనీ ఒక్కటే కాదు.

మాల్మోలో ఆ షిప్‌యార్డు పేరు కొకుమ్స్. 1840లో ఫ్రాన్స్ హెన్రిక్ కొకుమ్ పెట్టిన ఇనుప కర్మాగారం తర్వాత్తర్వాత ఓడల తయారీలోకి దిగింది. 1950లు, 60లు వచ్చేసరికి ప్రపంచంలోనే పెద్ద షిప్‌యార్డుల వరసలో నిలిచింది. ముడిచమురు మోసే సూపర్ ట్యాంకర్లు దాని ప్రత్యేకత. ఓడలు పెరిగేకొద్దీ రేవు చాలక సముద్రాన్ని పూడ్చి కొత్త నేల చేసుకున్నారు. ఇంకా పెద్ద ట్యాంకర్లు కట్టాలనే ఆ భారీ క్రేన్‌ని తలపెట్టారు. అది సిద్ధమైంది 1974లో. అంతకు కొన్ని నెలల ముందే, 1973 అక్టోబరులో, చమురు సంక్షోభం విరుచుకుపడింది. ట్యాంకర్లు అడిగేవాళ్లు లేకుండా పోయారు. పొలానికి నీళ్లు ఆగిపోయాక కొత్త మోటారు బిగించినట్టయింది షిప్‌యార్డు పరిస్థితి.

1979లో ప్రభుత్వం సంస్థని తన చేతిలోకి తీసుకుంది. 1980ల రెండో సగంలో వ్యాపార ఓడల తయారీ ఆగిపోయింది, జలాంతర్గాముల పని మాత్రం మిగిలింది. చివరి రోజుల్లో ఇక్కడ తయారైన పెద్ద ఓడల్లో ఒకటి 1987లో బయటికొచ్చిన విహార నౌక 'సెలబ్రేషన్'. అమెరికా విహారయాత్రికుల కోసం ఉత్సవం అనే పేరుతో ఓడ కట్టి ఇచ్చి, కట్టినవాళ్లు పనిముట్లు కింద పెట్టేశారు.

ఊరిని ఆదుకోవాలని ప్రభుత్వం ఊతమిస్తే అదే స్థలంలో సాబ్ కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. 1989లో తెరిచారు, 1991లో మూసేశారు. రెండేళ్లకే! షిప్‌యార్డులో పని పోయినవాళ్లకి ఇది రెండో దెబ్బ. 1970ల మొదట్లో 2,65,000 దాకా ఉన్న నగర జనాభా 1980ల మధ్యకి 2,30,000కి తగ్గింది. పని ఉన్నచోటికి వలస పోవడం మన పల్లెలకి కొత్త కాదు, మాల్మోకి మాత్రం అది కొత్త దెబ్బ.

1994లో నగర పాలన పగ్గాలు చేపట్టిన ఇల్మర్ రీపాలు 2013 దాకా ఆ పదవిలో ఉన్నారు. ఆయన హయాంలో ఊరు మళ్లీ ఇంకో ఫ్యాక్టరీ కోసం ఎదురుచూడటం మానేసింది. 1998లో విశ్వవిద్యాలయం వచ్చింది. 2000 జులై 1న ఓరెసుండ్ వంతెన తెరుచుకుని, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ రైల్లో అరగంట దూరానికి వచ్చింది. మాల్మోలో ఆ క్రేన్ చేసిన ఆఖరి పని 1997లో ఈ వంతెన ఎత్తైన స్తంభాల పునాదుల్ని లేపడమే. తర్వాత దాని అవసరం ఊరికి లేకుండా పోయింది.

విశ్వవిద్యాలయం, వంతెన తర్వాత మూడో ప్రయత్నం రేవు నేల మీదే. 2001 వేసవిలో అక్కడ 'బో01' పేరుతో ఐరోపా గృహ ప్రదర్శన పెట్టారు. స్వీడిష్‌లో బో అంటే నివసించడం. ప్రదర్శన అన్నారు గానీ డేరాలేసి తీసేసేది కాదు. రేపటి నగరం ఎలా ఉండాలో కట్టి చూపించి, అందులో మనుషుల్ని కాపురం పెట్టించడం. నేలంతా దశాబ్దాల పారిశ్రామిక మట్టి, చమురూ లోహాల మురికి. ముందు దాన్ని శుభ్రం చేసుకోవాల్సి వచ్చింది.

రూపశిల్పి క్లాస్ తామ్ పరిచిన వీధుల్ని చూస్తే ఈ ఊరి గాలి అర్థమవుతుంది. ఓరెసుండ్ జలసంధి మీంచి వచ్చే పడమటి గాలి చలికాలంలో ఎముకలు కొరుకుతుంది. అందుకని సముద్రం వైపు ఐదారంతస్తుల ఇళ్లని గోడలా నిలబెట్టారు. వాటి చాటున చిన్న ఇళ్లు. వీధులు తిన్నగా సాగవు, గాలికి వంకరపోయిన వలలా కాస్త కాస్త మెలికలు తిరుగుతాయి. నాలుగడుగులు లోపలికి వేస్తే గాలి తగ్గుతుంది, సముద్రం చప్పుడు దూరమవుతుంది. ఒక్కో ముక్కని ఒక్కో ఆర్కిటెక్టుకి అప్పగించడం వల్ల ఏ రెండు ఇళ్లూ ఒక్కలా ఉండవు. పెద్ద బిల్డరు ఒక్కడే వచ్చి ఒకే అచ్చులో వంద బ్లాకులు పోసుంటే ఈ పేట గురించి ఇవాళ ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

వాన నీటిని పైపుల్లోకి పంపకుండా వీధి పక్కన తెరిచిన రాతి కాలవల్లో పారించి, మొక్కల మధ్య నుంచి సముద్రంలోకి వదిలారు. వేడి కోసం చేసిన ఏర్పాటు ఇంకా బాగుంటుంది. నేల లోతున ఉన్న సున్నపురాతి పొరల్లో నీళ్లుంటాయి. వేసవి వెచ్చదనాన్ని ఆ నీళ్లలో దాచి, చలికాలంలో పంపులతో పైకి తీసుకుని ఇళ్లని వెచ్చబెడతారు. చలికాలపు చల్లదనాన్ని వేసవికి వాడతారు. మన పెద్దవాళ్లు గాదెలో ధాన్యం దాచినట్టు వీళ్లు రుతువుల్ని దాచుకుంటున్నారు. దీనికి ఉత్తర రేవులోని ఒక గాలిమర, కప్పుల మీద సౌర ఫలకాలు తోడయ్యాయి. పేటకి కావల్సిన శక్తంతా ఇక్కడే, తరగని వనరుల నుంచే రావాలన్నది అప్పటి పంతం.

నాకు అన్నిటికన్నా నచ్చింది పెరళ్ల సంగతి. బిల్డర్ల ముందు 35 అంశాల జాబితా పెట్టి, అందులో కనీసం పది ఎంచుకుని తీరాలన్నారు. పెరట్లో 50 రకాల అడవి పూలు, గబ్బిలాలకి గూడు, కప్పలు చలికాలం నిద్రపోయే చోటు, కూరగాయలు పండేంత లోతు మట్టి లాంటివి అందులో ఉన్నాయి. చమురు ఓడలు కట్టిన నేల మీద కప్పకి పడకగది అడగడం చిన్న విషయంలా అనిపించొచ్చు. ఈ పని మొత్తం మీద నాకు నమ్మకం కుదిరింది మాత్రం అక్కడే.

అన్నీ సవ్యంగా జరగలేదు. ప్రదర్శన నడిపిన సంస్థ అప్పులపాలై దివాలా తీసింది. ఇంటికి ఏడాదికి చదరపు మీటరుకి 105 కిలోవాట్ అవర్లకి మించి శక్తి వాడకూడదని పెట్టుకున్న లెక్క, తర్వాత కొలిచి చూస్తే ఎక్కువ ఇళ్లలో తప్పింది. సముద్రం కనబడాలని పెట్టిన నిలువెత్తు గాజు కిటికీల నుంచి వేడి జారిపోవడం అందుకొక కారణం. అన్నిటికన్నా పెద్ద లోటు ధర. తొలి విడత ఇళ్లు కొనగలిగింది డబ్బున్నవాళ్లే. ఓడకి వెల్డింగ్ చేసిన మనిషి, తాను చెమటోడ్చిన చోట తన ఇల్లు కట్టుకోలేకపోయాడు. తర్వాత వచ్చిన ఫ్లాగ్‌హుసెన్ బ్లాకుల్లో అద్దె ఇళ్లకి ఎక్కువ చోటిచ్చారు గానీ, ఇదే నగరంలో వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే రూసెన్‌గోర్డ్‌కీ ఈ పేటకీ మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కొలవలేం. పచ్చదనం గురించి పుస్తకాలు రాసేవాళ్లు ఈ మాట దగ్గర తొందరగా దాటిపోతుంటారు. అలా దాటిపోకూడదు.

క్రేన్ వెళ్లిన ఏడాదికే, అది నిలబడ్డ చోటికి కాస్త దూరంలో, మరో ఎత్తైన కట్టడం పని జోరుగా సాగుతోంది. శాంటియాగో కలత్రావా గీసిన 'టర్నింగ్ టోర్సో'. 190 మీటర్లు, 54 అంతస్తులు, అడుగు నుంచి కొసకి సరిగ్గా 90 డిగ్రీలు మెలితిరిగి నిలబడుతుంది. మనిషి నడుము తిప్పి నిలుచున్నట్టున్న తన శిల్పం నుంచే కలత్రావా దీన్ని తెచ్చాడు. 2005లో పూర్తయింది. పోస్టుకార్డుల మీద క్రేన్ పోయి అదొచ్చింది. అందమైనదే, కాదనను.

అయితే ఊరికి దక్కిన అసలు లాభం ఆ టవరు కాదు, దాని కాళ్ల దగ్గరున్న గట్టు. అక్కడ షిప్‌యార్డు కంచె లోపల సముద్రానికి దిగే దారి దశాబ్దాల పాటు ఊళ్లోవాళ్లకి లేదు. ఇప్పుడు పడమటి ఒడ్డంతా ప్రజలది. ఏ బ్లాకూ సముద్రాన్ని తన కాంపౌండులో కలుపుకోలేదు. నీళ్ల వైపు దిగే పొడవాటి చెక్క మెట్ల మీద వేసవి సాయంత్రాల్లో ఊరంతా చేరుతుంది. అక్కడ ఉత్తరాది సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాక గానీ దిగడు. ఒకవైపు వంతెన సన్నటి గీతలా, ఎదురుగా డెన్మార్క్ తీరం. తువ్వాళ్లు, చిన్న పొయ్యిల మీద కాలుతున్న మాంసం వాసన, అరబిక్‌లో పిల్లల్ని కేకేసే అమ్మలు, చెక్క గట్టు మీంచి మోకాళ్లు ముడుచుకుని చల్లటి నీళ్లలోకి దూకే కుర్రాళ్లు. గట్టు తెరిచిన కొత్తలో ఇంతమంది ఈతకొస్తారని ఎవరూ ఊహించలేదు. ఎదురిళ్లలో కొందరికి ఆ సందడి ఇబ్బందయింది. నగరపాలిక జనాన్ని ఆపలేదు, ఈతకి వీలుగా ఇంకొన్ని చోట్లు కట్టింది. ఆ ఇళ్ల ధర తట్టుకోలేని కుటుంబం కూడా ఆ ఇళ్ల ముందున్న సముద్రాన్ని వాడుకోగలగడం, ఈ పేటని నేను గౌరవించడానికి కారణం.

ఓడల్ని కట్టి నీళ్లలోకి జార్చే వాలు పడకని స్వీడిష్‌లో స్టాపెల్‌బెడ్ అంటారు. ఆ పేరుతోనే ఇప్పుడక్కడ ఒక స్కేట్ పార్కుంది. ఓడలు జారిన చోట పిల్లలు చక్రాల బల్లల మీద జారుతున్నారు.

2010ల మధ్యలో కొరియా షిప్‌యార్డులకి ఆర్డర్లు పడిపోయి వేలమంది రోడ్డున పడ్డప్పుడు, అక్కడి పత్రికలు మళ్లీ 'మాల్మో కన్నీళ్ల'ని తలచుకున్నాయి. డాలరు పెట్టి కొన్న క్రేన్ తమకీ ఆ గతి చూపిస్తుందా అని.

మాల్మోలో క్రేన్‌ని పోనిచ్చినందుకు బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బహుశా అందుకే రేవులో మిగిలిన పాత షిప్‌యార్డు భాగం, వార్వ్‌స్టాడెన్ వైపు పని నెమ్మదిగా, జాగ్రత్తగా సాగుతోంది. ఎర్ర ఇటుకల పాత షెడ్లలో నిలబెట్టగలిగినవి నిలబెడుతున్నారు. పోత పోసే కొలిమి ఉన్న శాల ఇప్పుడు ఆఫీసు. కూల్చక తప్పని గోడల ఇటుకల్ని, ఇనుప దూలాల్ని లెక్కరాసి దాచి, పక్కనే లేచే కొత్త ఇళ్లలో పెడుతున్నారు.