స్మార్ట్‌ఫోన్‌కు కనీస అర్హతలు

స్మార్ట్‌ఫోన్‌లోని ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజి, తెర, కెమెరా వంటి భాగాలన్నింటినీ నడిపిస్తూ, వాటి సేవలను యాప్‌లకు అందించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అది సక్రమంగా పనిచేయాలంటే ఫోన్‌లో తప్పనిసరిగా ఏయే భాగాలు ఏ స్థాయిలో ఉండాలో నిర్దేశించేదే కనీస హార్డ్‌వేర్ ప్రమాణం. చాలా కంప్యూటర్లలో చాలకపోతే ర్యామ్‌ను తరువాతనైనా పెంచుకోవచ్చు. ఫోన్‌లో సాధారణంగా ఆ వీలు ఉండదు కనుక, ఈ ప్రమాణం కొనుగోలుదారుకు ఇచ్చే సలహాగా కాక, తయారీదారుకు విధించే షరతుగా రూపుదిద్దుకొంది.

ఈ షరతును అతి కఠినంగా అమలుచేసిన వ్యవస్థలలో 2010లో వచ్చిన విండోస్ ఫోన్ 7 ఒకటి. 1 గిగాహెర్ట్జ్ వేగం గల ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజి, నాలుగు వేళ్ల స్పర్శను ఒకేసారి గుర్తించే తెర, ఫ్లాష్‌తో కూడిన 5 మెగాపిక్సెల్ కెమెరా ఉంటే తప్ప ఆ వ్యవస్థను వాడడానికి తొలినాళ్లలో మైక్రోసాఫ్ట్ అనుమతించలేదు. అందువల్ల ఏ కంపెనీ ఫోన్ కొన్నా పనితీరు దాదాపు ఒకే తీరుగా ఉండేది. అయితే 2012లో వేరే కెర్నల్‌తో, అంటే హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే అంతర్భాగాన్నే మార్చి, విండోస్ ఫోన్ 8ను తెచ్చినప్పుడు పాత ఫోన్‌లకు అది అందలేదు, అవి 7.8 వెర్షన్‌తోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆండ్రాయిడ్ మార్గం వేరు. గూగుల్ ప్రతి వెర్షన్‌తో పాటు అనుకూలతా నిర్వచన పత్రాన్ని వెలువరిస్తుంది. ఉదాహరణకు 2013 నాటి ఆండ్రాయిడ్ 4.4 పత్రం ప్రకారం కెర్నల్‌కు, యాప్‌లకు కలిపి కనీసం 340 ఎంబీ మెమరీ మిగలాలి. నెట్‌వర్క్ రేడియో, వీడియో వంటి భాగాలు తమకోసం అట్టిపెట్టుకునే మెమరీ ఈ లెక్కలోకి రాదు. 512 ఎంబీ ర్యామ్ అని పెట్టెపై రాసి ఉన్నా, అదంతా యాప్‌లకు దక్కకపోవడానికి కారణం ఇదే. మెమరీ నిండినప్పుడు వ్యవస్థ వెనుక ఉన్న యాప్‌లను ఒక్కొక్కటిగా మూసివేస్తుంది కనుక, వాటిని తిరిగి తెరిచిన ప్రతిసారీ మొదటినుంచి లోడ్ కావలసి వస్తుంది. వినియోగదారు దీనినే ఫోన్ నెమ్మదించడంగా గుర్తిస్తాడు.

చవక ఫోన్‌ల కోసం 2014లో భారతదేశంలోనే మొదలైన ఆండ్రాయిడ్ వన్ తొలి ఫోన్‌లలో 1 జీబీ ర్యామ్, 4 జీబీ స్టోరేజి ఉండేవి. 2017లో 512 ఎంబీ నుంచి 1 జీబీ వరకు ర్యామ్ గల ఫోన్‌లను దృష్టిలో పెట్టుకొని ఆండ్రాయిడ్ గో అనే తేలికపాటి రూపం వచ్చింది. 2022 నాటి ఆండ్రాయిడ్ 13కు వచ్చేసరికి ఆ తేలికపాటి రూపానికే 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజి కనీసమయ్యాయి. అయిదేళ్లలో ర్యామ్ హద్దు నాలుగింతలైందన్నమాట.

కనీస ప్రమాణం ఫోన్ నడుస్తుందనడానికి హామీయే తప్ప, హాయిగా నడుస్తుందనడానికి గాని, రాబోయే వెర్షన్ అందుతుందనడానికి గాని హామీ కాదు. కాబట్టి ఫోన్‌ను కొన్నేళ్లు వాడదలచినవారు కనీస స్థాయికి పైనున్న ర్యామ్, స్టోరేజిలను ఎంచుకోవడంతో పాటు, ఎన్నేళ్లు అప్‌డేట్‌లు ఇస్తారో కొనేముందే తెలుసుకోవడం మేలు.