మొండికేసిన లారీ

ఫాల్గుణం వచ్చిందంటే పర్చూరు, ఇంకొల్లు వైపు కల్లాలన్నీ ఎర్రబడతాయి. ఎండిన మిరపకాయలను టిక్కీలకెత్తి గుంటూరు మిర్చియార్డుకు పంపే రోజులవి. ఆ టిక్కీల కోసం వేటపాలెం నుంచి ఒక పాత లారీ తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరాలనుకోండి. ఆకాశం మబ్బు పట్టి ఉంది. కల్లంలో ఉన్న కాయ తడిసిందా, రంగు పోతుంది, బూజు పడుతుంది, ధర పడిపోతుంది. డ్రైవరు తాళం తిప్పాడు. లారీ ఉలకలేదు, పలకలేదు.

మీరైతే ఏం చేస్తారు? చేతికందిన మరనల్లా విప్పుతారా? అలా చేస్తే తెల్లవారుతుంది గాని లారీ కదలదు. అనుభవమున్న డ్రైవరు ముందుగా ఒక్క ప్రశ్న వేసుకుంటాడు. ఇంజను అసలు తిరగడమే లేదా? లేక తిరుగుతున్నా అంటుకోవడం లేదా? ఈ రెండూ వేరువేరు జబ్బులు. మొదటిది విద్యుత్తుకు సంబంధించినది, రెండోది చాలావరకు డీజిలుకు సంబంధించినది.

మన లారీ ఇంజను తిరగడం లేదు. తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క చప్పుడు, అంతే. క్లీనరు కుర్రవాడు హెడ్‌లైట్లు వేసి చూశాడు. దేదీప్యమానంగా వెలిగాయి.

“బ్యాటరీ బాగానే ఉంది గురువుగారూ!” అన్నాడు.

“లైట్లు అలాగే ఉంచి సెల్ఫ్ కొట్టరా,” అన్నాడు డ్రైవరు. కొట్టగానే లైట్లు దీపం కొడిగట్టినట్టు ఎర్రబడిపోయాయి.

దీనిలోని కిటుకు మీ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది. రెండు హెడ్‌లైట్లకు సుమారు 10 ఆంపియర్ల విద్యుత్తు చాలు. కాని ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారుకు 300 ఆంపియర్లు కావాలనుకుందాం. బ్యాటరీ కొమ్ముకూ తీగకూ మధ్య మురికి చేరి, అక్కడ 0.02 ఓముల నిరోధం ఏర్పడిందనుకోండి. చాలా చిన్న నిరోధమే! ఓం నియమం ప్రకారం లెక్క కట్టండి. లైట్లు వెలిగినప్పుడు అక్కడ పోయేది 0.2 వోల్టు మాత్రమే, కంటికి తెలియదు. అదే 300 ఆంపియర్లు పోవాలంటే 6 వోల్టులు ఆ మురికిలోనే ఖర్చయిపోతాయి. 12 వోల్టుల బ్యాటరీలో ఇక మోటారుకు మిగిలేది సగమే. లైట్లు వెలిగినంత మాత్రాన మోటారుకు కావలసిన బలం అందుతోందని చెప్పలేం. బ్యాటరీలో ఛార్జి తగ్గినా లైట్లు ఇలాగే మసకబారతాయి కాబట్టి ముందు కొమ్ములు చూడాలి.

టార్చిలైటు వేసి చూస్తే కొమ్ముల మీద తెల్లగా, అక్కడక్కడ మైలుతుత్తం రంగులో పొడి కనిపించింది. రంగే కాదు, అందులో మైలుతుత్తం నిజంగానే ఉంటుంది. బ్యాటరీలోని గంధకికామ్లపు ఆవిరి రాగితీగను తింటే ఏర్పడేది అదే. తెల్లని పొడి సీసపు సల్ఫేటు. పైగా వేటపాలేనికి సముద్రం దగ్గర. ఉప్పుగాలికి లోహాలు త్వరగా చెడతాయి.

డ్రైవరు తీగలు విప్పాడు. లారీ చట్రానికి కలిపిన తీగను ముందు విప్పాడు, గమనించండి. రెండోదాన్ని ముందు విప్పబోయి స్పానరు చట్రానికి తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. ఛార్జి అవుతున్నప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దాని దగ్గర నిప్పు ప్రమాదం. బీడీ కూడా పనికిరాదు. టీకొట్టు నుంచి తెచ్చిన వేడినీళ్ళు పోసి, తుడిచి, గీకి, మళ్ళీ బిగించాడు. ఈసారి సెల్ఫ్ కొట్టగానే ఇంజను గిర్రున తిరిగింది.

తిరిగింది గాని అంటుకోలేదు!

ఇక రెండో జబ్బు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ కోసం స్పార్కు ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది లేదు. మరి నిప్పు ఎక్కడిది? సైకిలు పంపు మూతిని వేలితో మూసి గట్టిగా నాలుగుసార్లు కొట్టి చూడండి, పంపు అడుగు వేడెక్కుతుంది. రాపిడి వల్ల కొంత, లోపలి గాలి నొక్కుకుపోవడం వల్ల మరికొంత. లారీ సిలిండరులో గాలి తన ఘనపరిమాణంలో సుమారు 17వ వంతుకు నొక్కుకుపోయి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి నాజిలు డీజిలును మంచుతుంపరలా చిమ్మగానే అది భగ్గుమంటుంది. రుడాల్ఫ్ డీజిల్ ఈ పద్ధతిలో చక్కగా పనిచేసే ఇంజనును 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో చూపించాడు. ఇంధనానికి ఆయన పేరే నిలిచిపోయింది.

డ్రైవరు వెనక్కి వెళ్ళి పొగగొట్టం చూడమన్నాడు. సెల్ఫ్ కొట్టినప్పుడు పచ్చిడీజిలు వాసనతో తెల్లని పొగ వస్తే, డీజిలు సిలిండరు దాకా వస్తోంది గాని మండడం లేదన్నమాట. అసలు పొగే లేకపోతే డీజిలే రావడం లేదు.

“పొగ లేదు గురువుగారూ.”

“స్టాపరు లోపలికి నెట్టావా?”

పాత లారీలను ఆపడానికి ఒక పిడి లాగుతారు. అది డీజిలును ఆపేస్తుంది. దాన్ని తిరిగి నెట్టడం మరచిపోయి గంటలతరబడి ఇంజనుతో కుస్తీపట్టిన మహానుభావులున్నారు! మన కుర్రవాడు మరచిపోలేదు. ట్యాంకులో డీజిలూ ఉంది. మిగిలిన పెద్ద అనుమానం, గొట్టాల్లో ‘ఎయిర్ పట్టడం’.

గాలి బుడగ అంత పెద్ద ఇంజనును ఎలా ఆపుతుంది? సూది తీసేసిన సిరంజిలో నీళ్ళు నింపి, మూతి మూసి నొక్కండి. కదలదు. గాలి నింపి నొక్కండి, స్ప్రింగులా లోపలికి వెళ్ళి తిరిగి వస్తుంది. నాజిలు తెరుచుకోవాలంటే వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్ల పీడనం కావాలి. గొట్టంలో గాలి ఉంటే పంపు కొట్టిన దెబ్బ బుడగను నొక్కడానికే సరిపోతుంది. నాజిలు తెరుచుకోదు.

డ్రైవరు డీజిలు ఫిల్టరు మీది చిన్న మరను వదులు చేసి, చేతిపంపు కొట్టసాగాడు. ముందు నురగ, తరువాత బుడగలు, చివరకు బుడగ లేని ధార వచ్చాయి. వెంటనే మర బిగించాడు. తరువాత పెద్ద పంపు దగ్గర కూడా అలాగే చేశాడు. నాజిళ్ళకు వెళ్ళే సన్నని గొట్టాల దగ్గర మాత్రం మీరెప్పుడూ చెయ్యి పెట్టకండి. అక్కడ చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకుపోగలదు.

తోస్తే లారీ కదిలేది కదా అంటారా? గేరులో వేసి తోయడం సెల్ఫ్ మోటారు పనిని మన కండలతో చేయడమే. బ్యాటరీ చచ్చినప్పుడు పాత లారీలకది పనికొస్తుంది. వాటి డీజిలు పంపును ఇంజనే తిప్పుతుంది, విద్యుత్తు అక్కరలేదు. డీజిలే అందనప్పుడు ఊరంతా తోసినా లాభం లేదు. కంప్యూటరు అమర్చిన కొత్త లారీలకైతే బ్యాటరీ బొత్తిగా చచ్చిపోతే తోపుడూ పనిచేయదు.

ఇంతకీ గాలి ఎలా దూరింది? ట్యాంకు కింద, పంపు పైన ఉన్నాయి. పంపు డీజిలును పైకి లాగుతున్నంతసేపూ ఆ గొట్టంలో పీడనం బయటి గాలికన్నా తక్కువ. అక్కడ సన్నని పగులుంటే డీజిలు బయటకు కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే కింద తడి మరక కనబడలేదు. చట్రానికి రాసుకుపోయి రబ్బరు గొట్టం ఒకచోట చిట్లింది. చిట్లిన ముక్క కోసేసి, క్లిప్పు బిగించి, మళ్ళీ గాలి తీశారు.

కుర్రవాడు చక్రం కింద రాయి ఉందో లేదో చూశాడు. గేరు న్యూట్రల్‌లో ఉంది. సెల్ఫ్ కొట్టగానే రెండుసార్లు తెల్లపొగ దగ్గి, మూడోసారి ఇంజను అందుకుంది. అయిదున్నరకు లారీ చీరాల దారి పట్టింది. పర్చూరు చేరేసరికి చినుకు ఇంకా పడలేదు.