పురుగుమందు లేని పంటకు పైకప్పే మందు: గోదాం రేకుల లెక్క

వీడియోలో షెడ్డు పైకప్పు చూపించాను గానీ లెక్కలన్నీ చెప్పడానికి టైం సరిపోలేదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

విత్తేటప్పుడు బీజామృతం, పెరిగేటప్పుడు జీవామృతం, పురుగొస్తే కషాయం... పొలంలో అన్నీ చేస్తాం. పంట ఇంటికొచ్చాక మాత్రం ఏదో ఒక రేకుల షెడ్డులో మూటలు పేర్చి తాళం వేస్తాం. మామూలు వ్యాపారి అయితే పురుగు కనబడగానే గోదాంలో ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టి పట్టా కప్పేస్తాడు. మనకు ఆ దారి లేదు. కాబట్టి మన గింజను కాపాడాల్సింది ఎండబెట్టడం, శుభ్రం, ఆ పైన కప్పు.

నేను జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్లకు కందిపప్పు, మినుములు, దేశీ బియ్యం డెలివరీ ఇస్తాను. ఒక్క ప్యాకెట్లో పురుగు కనబడితే చాలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పడుతుంది. ఏడాది కష్టం ఒక్క ఫోటోతో పోతుంది.

ఆ ఏరియాలో తిరిగేవాళ్లకు స్టూడియోలు తెలుసు. అక్కినేని నాగేశ్వరరావు గారు పెట్టిన అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైంది. ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియోస్ ఉంది. షూటింగ్ ఫ్లోరు అంటే లోపల స్తంభాలు లేని పెద్ద గోదాం లాంటిదే. పైన ఎండ, లోపల లైట్ల వేడి, వానొస్తే రేకు మీద మోత. అందుకే అలాంటి కట్టడానికి ఎత్తు కావాలి, రేకు కింద వేడినీ మోతనూ ఆపే పొర కావాలి. అక్కడ నటుల కోసం పడే జాగ్రత్తలో కొంత మనం గింజ కోసం పడాలి.

ఎందుకంటారా? డిప్లొమాలో హారింగ్టన్ సూత్రం చదువుకున్నాం. గింజలో తేమ 1 శాతం తగ్గితే విత్తనం ఆయుష్షు రెట్టింపు. నిల్వ చేసే చోట వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపే. దీన్నే తిరగేసి చూడండి. మీ షెడ్డు పక్కవాళ్ల షెడ్డు కన్నా 5 డిగ్రీలు వేడిగా ఉంటే మీ విత్తనం ఆయుష్షు సగమే. ఇక పప్పుల్లో పుచ్చు పురుగుకు 30 డిగ్రీల చుట్టుపక్కల వేడి, కొంచెం తేమ దొరికితే నెలలోపే ఇంకో తరం తయారవుతుంది.

ఇనుప రేకుతో ఇంకో తంటా ఉంది. మే నెల ఎండకు రేకు 60 డిగ్రీలు దాటుతుంది. అదే చలికాలం రాత్రి త్వరగా చల్లబడి, లోపలి గాలిలోని తేమ రేకు అడుగున చెమటలా పట్టి మూటల మీద కారుతుంది. కప్పు కారకపోయినా పై వరస మూటలకు బూజు రావడానికి ఇదొక కారణం.

దీనికి మందు ఖరీదైనదే కానక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ 2028 వరకు ఉంటుంది. రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును చల్లబరచడం దాని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. దానికి ముందే, 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల మీద తెల్లటి పొర వేసి చూశారు. లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. సూత్రం ఒక్కటే. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, పట్టిన వేడిని త్వరగా వదిలేస్తుంది. మెరిసే ఇనుప రేకు ఎండను కొంత వెనక్కి కొట్టినా, పట్టిన వేడిని అంత తేలిగ్గా వదలదు.

గోదాం అద్దెకు తీసుకునేటప్పుడైనా, కట్టేటప్పుడైనా నేను చూసేవి ఇవి:

1. రంగు: తెల్ల రేకు మేలు. ముదురు నీలం, ఎరుపు చూడ్డానికి బాగుంటాయి, వేడి ఎక్కువ. పాత షెడ్డయితే ఎండాకాలం ముందు తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేయించండి. సున్నం కూడా పనిచేస్తుంది, కాకపోతే వానకు కొట్టుకుపోతుంది, ఏటా వెయ్యాలి.

2. గాలి: పైన గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్ పెడితే సరిపోదు. కింద గోడలో గాలి లోపలికొచ్చే కిటికీలు ఉండాలి, వాటికి ఎలుకలు దూరకుండా జాలీ కొట్టాలి. ముసురు పట్టిన రోజుల్లో కిటికీలు మూసెయ్యండి. తడి గాలి లోపలికొస్తే గింజ తేమ పీల్చుకుంటుంది.

3. స్క్రూలు: రేకు గుబ్బ మీద పడాలి, నీళ్లు పారే గాడిలో కాదు. రబ్బరు వాషర్ పగిలితే అక్కడి నుంచే కారుతుంది. తొలకరికి ముందే చూసుకోండి.

4. పేర్పు: మూటలు చెక్కల మీద, గోడకు దూరంగా. పై మూటకూ రేకుకూ మధ్య బాగా ఖాళీ ఉండాలి. అపరాలను 9 శాతం తేమకు ఎండబెట్టాకే లోపల పెట్టండి. తడి గింజను ఏ కప్పూ కాపాడలేదు.

ఇక పాత సిమెంటు రేకుల సంగతి. మన దగ్గర వీటిని బ్రాండు పేరుతో ‘చార్మినార్ రేకులు’ అనే పిలుస్తారు. వాటిని చేసిన హైదరాబాద్ ఇండస్ట్రీస్ కంపెనీ 1946లో పుట్టింది. ఇనుప రేకు కన్నా కొంచెం చల్లగా ఉంటాయి, తుప్పు పట్టవు. కానీ పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 60కి పైగా దేశాలు నిషేధించాయి, మన దేశంలో మాత్రం ఈ రేకుల అమ్మకం ఉంది. కప్పు మీద కదలకుండా ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. కోసినా, డ్రిల్ చేసినా, పగలగొట్టినా దుమ్ము లేస్తుంది. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పగిలిన ముక్కల్ని కంపోస్టు గుంతకు అడ్డంగా, కోళ్ల గూటికి గోడగా వాడటం చాలా ఊళ్లలో చూస్తున్నా. దయచేసి ఆపండి. రసాయనం వద్దని భూమిని కాపాడుకుంటూ, ఆ నారను మన చేతులతో అదే మట్టిలో కలపడం ఏం న్యాయం?

అన్నీ ఒక్కసారి చెయ్యలేకపోతే ఈ ఎండాకాలానికి తెలుపు ఒక్కటి వేయించండి. ముందు ఒక వారం, తర్వాత ఒక వారం మధ్యాహ్నం రెండింటికి షెడ్డు లోపలా, బయట నీడలోనూ థర్మామీటర్ పెట్టి రాసుకోండి. రెండింటికీ తేడా ఎంత తగ్గిందో చూడండి. లోపల తగ్గే ఒక్కో డిగ్రీ మన విత్తనానికి ఆయుష్షు.